హుక్కులే మిగిలాయి

జూన్ 30, సోమవారం

ఏడవలేదు. ముందు ఆ సంగతి రాసుకోవాలి. ఆపరేషనప్పుడు మత్తులో ఉన్నాను కాబట్టి ఆ ధైర్యం లెక్కలోకి రాదు. ఫిజియోథెరపీ గదిలో అందరూ కేకలు పెడతారని కాలేజీలో భయపెట్టారు. నేను పెట్టలేదు. పళ్ళు కొరుక్కున్నాను, అంతే.

ఫిజియో పేరు సుస్మిత మేడం. నన్ను బల్ల మీద పడుకోబెట్టి కాలు తిన్నగా చాపమంది. చాపాననే అనుకున్నాను. ఆవిడ తన పిడికిలి నా మోకాలి కిందికి పోనిచ్చింది. హాయిగా దూరింది. ఈ సందు పోవాలి, నా వేలు కూడా దూరని రోజు నీ కాలు నీ మాట వింటుంది అని చెప్పింది. కాలు వంగడం గురించి బెంగపడుతుంటే, అసలు తంటా చాపడంతోనట.

ఇంకో మాట కూడా గట్టిగా చెప్పింది. నాకు తెగింది లిగమెంటు ఒక్కటే కాదు, ఎముకల మధ్య మెత్తలా ఉండేది కూడా చిరిగితే కుట్టారు. కాబట్టి ఆవిడ సరే అనేదాకా గొంతుక్కూర్చోకూడదు, మోకరించకూడదు. కుట్టారు అనగానే అమ్మ గోడవార నుంచి లేచొచ్చింది. ఉయ్యూరులో సగం మంది ఆడవాళ్ళ జాకెట్లు అమ్మే కుడుతుంది మరి. ఏం దారం వాడారని మేడంని అడిగింది. నాకు సిగ్గేసింది. మేడం మాత్రం నవ్వకుండా జవాబు చెప్పింది.

పక్క బల్ల మీద సాత్విక్ అని ఒకడు. గవర్నర్‌పేటలో వాళ్ళ నాన్నకి హోల్‌సేల్ షాపు. క్రికెట్ ఆడుతూ మోకాలు పోగొట్టుకున్నాడట. వాడి మోకాలూ నా మోకాలూ ఒకే వారం, ఒకే డాక్టరు కోశాడు. వాడు మాత్రం ఏడ్చాడు.

జూలై 4, శుక్రవారం

నువ్వెలా పోగొట్టుకున్నావని సాత్విక్ అడిగాడు. చెప్పాను. కాలేజీల కబడ్డీ పోటీలు, చివరి నిమిషం. కూత పెట్టి వెళ్ళాను, ఒకమ్మాయిని తాకాను, తిరిగొస్తూ గీత మీదికి దూకాను. పాయింటు వచ్చింది, మోకాలు పోయింది. గెలిచారా అన్నాడు. గెలిచాం అన్నాను. అయితే పర్లేదు అన్నాడు. ఆపరేషనైన దగ్గర్నుంచీ నన్ను చూసి అయ్యో అననివాడు వీడొక్కడే.

మళ్ళీ ఆడాలి. ఇది ఎవరితోనూ అనను. ఇక్కడ రాసుకుంటాను.

జూలై 11, శుక్రవారం

ఇవాళ పిడికిలి పట్టలేదు. అరచెయ్యి దూరింది.

జూలై 25, శుక్రవారం

బస్సులో రాస్తున్నాను, అక్షరాలు గెంతుతున్నాయి. అమ్మ పక్క సీట్లో కూర్చుని ఊళ్ళో వాళ్ళందరికీ వరసగా ఫోన్లు చేస్తోంది.

జరిగింది ఇది. సిట్టింగు అయ్యాక సుస్మిత మేడం తలుపు దగ్గరగా వేసి, కెజియా, ఇవాళ్టితో నీవి అయిపోయాయి అంది. నాకు అర్థం కాలేదు. కాలేజీ మా అందరికీ కలిపి చేయించిన ఇన్సూరెన్సు ఆపరేషన్‌కి మొత్తం ఇస్తుందట గానీ, ఫిజియోకి పన్నెండు సిట్టింగులే ఇస్తుందట. ఇవాళ పన్నెండోది. నాకు ఇంకా సగం దూరం కూడా కాలేదు, మోకాలి కింద మూడు వేళ్ళు దూరుతున్నాయి. మరెలా అన్నాను. "ఇన్సూరెన్సు వాళ్ళ లెక్క అయిపోయిందమ్మా. నీ మోకాలికి ఆ సంగతి తెలీదు కదా" అంది. డబ్బు కట్టి రావచ్చంది గానీ, ఆ రేటు విన్నాక నేనే తల అడ్డంగా ఊపేశాను. నాన్న చెరుకు లారీ డ్రైవరు. ఫ్యాక్టరీ మూసి ఉన్న రోజులివి. చెబితే అప్పు తెస్తాడు, తెచ్చానని కూడా చెప్పడు. ఆవిడ ఒక కాగితం మీద బొమ్మలు గీసి, ఇంట్లో చేసుకో, మానకు అని ఇచ్చింది.

నేను లోపల ఇది వింటుంటే, బయట ఇన్సూరెన్సు బల్ల దగ్గర కుర్రాడు అమ్మతో అన్నాడట, "మీ అమ్మాయి కేసు పూర్తయిపోయిందండీ, ఇంక రానక్కర్లేదు" అని. పూర్తిగానా బాబూ అని అమ్మ అడిగింది. పూర్తిగానండీ, సిస్టంలో కూడా క్లోజ్ అయిపోయింది అన్నాడు. నేను బయటికొచ్చేసరికి అమ్మ ఆ కుర్రాడి రెండు చేతులూ పట్టుకుని ఏడుస్తోంది. నీ బిడ్డలు చల్లగా ఉండాలయ్యా అంటోంది. వాడికింకా పెళ్ళి కూడా అయినట్టు లేదు.

చెబుదామనే నోరు తెరిచాను. అమ్మ నా మొహం రెండు చేతుల్తో పట్టుకుని ముద్దు పెట్టుకుంది, ఆసుపత్రి మధ్యలో. మార్చిలో నా మోకాలు పోయాక అమ్మ మొహం అలా ఉండటం ఇదే మొదటిసారి చూడటం.

ఇంటికెళ్ళాక చెబుతాను.

జూలై 26, శనివారం

నాన్న చికెన్ తెచ్చాడు. రేపు చెబుతాను.

జూలై 27, ఆదివారం

అమ్మ గుళ్ళో సాక్ష్యం చెప్పేసింది.

దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పే ఆ సాక్ష్యానికి ఇంతకాలంలో అమ్మ లేవడం నేను చూడలేదు. పదిమందిలో మాట రాదు అమ్మకి. ఇవాళ పాట అయిపోగానే తనంతట తనే లేచింది. నా బిడ్డ మళ్ళీ నడవదేమో అనుకున్నాను, దేవుడు పూర్తిగా స్వస్థపరిచాడు, ఆసుపత్రి వాళ్ళే ఇంక రానక్కర్లేదన్నారు అంది. జనమంతా స్తోత్రం స్తోత్రం అన్నారు. సొలొమోను పాస్టరు గారు నన్ను ముందుకి పిలిచి, నడిచి చూపించమన్నారు.

నడిచాను. కుంటలేదు. గుడి వాకిలి దాకా వెళ్ళి తిరిగొచ్చాను. చెమట్లు పట్టాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

అమ్మ గురించి ఒకటి రాయాలి. అమ్మ దేన్నీ పూర్తయిందనే మనిషి కాదు. జాకెట్టు కోసం ఎవరొచ్చినా, అయిపోయిందమ్మా, హుక్కులే మిగిలాయి అంటుంది. అప్పటికి చేతులు కూడా అతికించి ఉండదు. ఊరంతా ఆటపట్టిస్తారు. అలాంటి అమ్మ ఒక్కసారి పూర్తయింది అంది, అది నా మోకాలి గురించి. ఇప్పుడు నేను వెళ్ళి కాలేదని ఎలా చెప్పను?

చూస్తే నాకేం పెద్దగా నొప్పి కూడా లేదు. మెల్లిగా నడిస్తే అసలు తెలియనే తెలియదు.

ఆగస్టు 6, బుధవారం

కాలేజీకి వెళ్ళాను. ఆఫీసులో తిరుపతిరావు గారిని అడిగాను, ఇంకొన్ని సిట్టింగులు ఇప్పించే దారి ఏమైనా ఉందా అని. పాపం, ఆయన అప్పటికప్పుడే ఫోన్ చేసి కనుక్కున్నారు. మళ్ళీ ఆసుపత్రిలో మంచం మీద చేరితే ఇస్తారట. నడిచివెళ్ళి చేయించుకుంటే ఇవ్వరట. "అంటే మళ్ళీ విరగ్గొట్టుకోవాలా సార్" అన్నాను. ఆయన టీ తెప్పించారు. తాగి వచ్చేశాను.

ఆగస్టు 10, ఆదివారం

గుళ్ళో అందరూ చాపల మీద కూర్చుంటారు. నేను వెనకాల స్తంభానికి ఆనుకుని, పసిపిల్లల్ని ఆడించే నెపంతో నిలబడుతున్నాను. ఊళ్ళో పసిపిల్లలందరూ నాకు మచ్చికైపోయారు.

ఆగస్టు 14, గురువారం

సాత్విక్ ఫోన్ చేశాడు. వాడికి వాళ్ళ నాన్న తీసిన పాలసీ ఉంది. అందులో సిట్టింగులకి లెక్క లేదు, డాక్టరు చాలు అనేదాకా ఇస్తారట. వారంలో మూడు రోజులు వెళ్తున్నాడు. సైకిలు తొక్కిస్తున్నారట, ఒంటికాలి మీద నిలబెడుతున్నారట. నీదెంతవరకు వచ్చింది అన్నాడు. ఇక్కడొకావిడ దగ్గర చేయించుకుంటున్నాను, బాగా వస్తోంది అన్నాను. అబద్ధం ఇంత సులువుగా వస్తుందని నాకు ఈమధ్యే తెలిసింది.

ఫోన్ పెట్టేసి వాడి మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. వాడు మంచోడు. వాడు ఏడ్చినందుకు నేను నవ్వుకున్నాను, అది గుర్తొచ్చి ఇంకా బాధేసింది.

ఒకే వారం కోశారు. ఒకే డాక్టరు.

ఆగస్టు 18, సోమవారం

కాగితం మీది బొమ్మల్లో మొదటివి చేయగలుగుతున్నాను. తర్వాతివి సరిగ్గా చేస్తున్నానో లేదో తెలియదు. బొమ్మ మాట్లాడదు కదా. అమ్మ చూడకుండా, అమ్మ బజారుకెళ్ళినప్పుడు చేస్తున్నాను. నేనే నా మోకాలి కింద చెయ్యి పెట్టి చూసుకుంటున్నాను. మూడు వేళ్ళే. పడుకుని పెట్టుకుంటే సరిగ్గా తెలియదు, రెండే అయ్యుండొచ్చు.

రెండే అనుకుంటున్నాను.

ఆగస్టు 25, సోమవారం

నిన్న రాయలేకపోయాను.

నిన్న గుడికి మచిలీపట్నం నుంచి ఒక పెద్దాయన వాక్యం చెప్పడానికి వచ్చారు. చివర్లో మా పాస్టరు గారు నన్ను పిలిచి, ఈ బిడ్డని దేవుడు లేపి నిలబెట్టాడండీ అని ఆయనకి చూపించారు. ఆ పెద్దాయన చాలా సంతోషించి, రా తల్లీ, మోకరించు, నీ తల మీద చెయ్యి పెట్టి కృతజ్ఞతా ప్రార్థన చేస్తాను అన్నారు.

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ నా వైపే చూస్తోంది. ఆ చూపు ఏమిటో అప్పుడు తెలియలేదు.

మోకరించాను. లోపల ఎక్కడో పట్టేసింది. ఆయన ప్రార్థన అయిపోయింది, ఆమెన్ అన్నారు, అందరూ లేచారు. నేను లేవలేదు. లేవలేకపోయాను. నేను గాఢంగా ప్రార్థనలో ఉన్నాననుకుని పాస్టరు గారు ఇంకో పాట ఎత్తుకున్నారు. పాట కూడా అయిపోయింది. మరో పాట ఎత్తుకున్నారు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. వెనకనుంచి ఎవరో, పరిశుద్ధాత్మ పూర్ణురాలైంది అంటున్నారు. ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది. అప్పుడు మాత్రం చచ్చిపోతానేమో అనుకున్నాను.

అప్పుడు అమ్మ వచ్చి నా పక్కన మోకరించింది. చేతులు జోడించి, పెదవులు కదిలీ కదలకుండా అడిగింది.

"లేవలేకపోతున్నావా?"

"ఊఁ."

"నా భుజం పట్టుకో."

పట్టుకున్నాను. ఇద్దరం కలిసి లేచాం. ఇంటికొచ్చేసరికి మోకాలు గుమ్మడిపండంత అయింది.

మంచం మీద పడుకోబెట్టి, తడిగుడ్డ వేసి, అమ్మ ఏమీ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నేనే అన్నీ చెప్పేశాను. పన్నెండు సిట్టింగులు, క్లోజ్ అంటే ఏమిటి, మేడం ఏమంది, అన్నీ. అమ్మ విని, నాకు తెలుసు అంది.

ఎప్పట్నుంచి అన్నాను. "ఆపరేషనప్పట్నుంచీ మెట్లు దిగేటప్పుడు నా భుజం పట్టుకునేదానివి. సాక్ష్యం చెప్పిన మర్నాటి నుంచి గోడ పట్టుకుంటున్నావు. నీ బరువు నాకు తెలియకూడదని" అంది.

మరి ఎందుకు అడగలేదు అన్నాను.

అమ్మ తడిగుడ్డ మళ్ళీ సర్దింది. "అడిగితే నిజం చెబుతావని భయమేసిందే" అంది.

ఇద్దరం ఏడ్చాం. నేను ఏడ్చాను. ఇది కూడా రాసుకోవాలి.

ఆగస్టు 28, గురువారం

ఆసుపత్రి. డాక్టరు గారు అటూ ఇటూ వంచి చూసి, కుట్టు తెగినట్టు లేదు, అదృష్టవంతురాలివి అన్నారు. సుస్మిత మేడం కాలు చాపించి కింద చెయ్యి పెట్టింది. అరచెయ్యి మొత్తం దూరింది. మళ్ళీ జూలై పదకొండుకొచ్చాం. ఆవిడ చెయ్యి తీసేసింది.

అమ్మ ఆవిడతో మాట్లాడిన తీరు నేను మర్చిపోను. మామూలుగా డాక్టర్ల ముందు అమ్మ నోరు పెగలదు. ఇవాళ, అమ్మా, మీ దగ్గరికి రోజూ తెచ్చే స్తోమత మాకు లేదు, మీ చేతులతో చేసేది నా చేతులకి నేర్పిస్తారా అని అడిగింది. మేడం, అన్నీ ఇంట్లో కుదరవు, కొన్నిటికి నేను చూడాల్సిందే, నెలకి ఒకసారి తప్పకుండా తేవాలి, వాచిందంటే వెంటనే ఆపాలి అంది. ఆ ఒక్కసారికి అమ్మ మిషన్ మీది డబ్బులు సరిపోతాయి. తర్వాత అమ్మ చేతులు పట్టుకుని నా కాలి మీద పెట్టింది. ఎక్కడ నొక్కాలి, ఎంత నొక్కాలి, మడమ కింద తువ్వాలు మడత ఎంత ఎత్తుండాలి, అన్నీ. ఒక్కోసారి పది లెక్కపెట్టేదాకా పట్టుకోవాలంది.

అమ్మకి అంకెలు లెక్కపెడుతూ ఉంటే మధ్యలో ధ్యాస మారిపోతుంది. జాకెట్టు కొలతలే తప్పుతుంది. అందుకని పది స్తోత్రాలు అనుకుంటోంది. స్తోత్రం, స్తోత్రం, స్తోత్రం. మేడంకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, కొంచెం నెమ్మదిగా అనండి, అప్పుడు సరిగ్గా సరిపోతుంది అంది.

సెప్టెంబరు 7, ఆదివారం

ఇవాళ పొద్దున అమ్మ నీలం చీర కట్టుకుంది. పండగ చీర అది. ఎందుకమ్మా అంటే చెప్పలేదు. నాన్న కూడా వచ్చాడు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

సాక్ష్యాల వేళ అమ్మ లేచింది. నేను కొంగు పట్టుకుని లాగాను. చేయి విడిపించుకుంది. చెప్పిన సాక్ష్యం వెనక్కి తీసుకున్నవాళ్ళని మా సంఘంలో ఎవరూ చూసి ఉండరు. అమ్మ నలుగురిలో మాటపడితే దానికి కారణం నా మోకాలే.

అమ్మ ఆగకుండా చెప్పింది. ఒక్కో మాటా గుర్తుంది.

"జూలైలో నేను తొందరపడ్డాను. ఇన్సూరెన్సు వాళ్ళు పూర్తయిందంటే, దేవుడు పూర్తిచేశాడనుకున్నాను. వాళ్ళు చేతులు కడుక్కున్నారు. దేవుడింకా కడుక్కోలేదు. నా మాట నిలబెట్టడానికి నా బిడ్డ కుంటకుండా నడిచింది. మీ జాకెట్లు ఏనాడూ టైముకి ఇవ్వలేదు నేను. ఇదొక్కటీ ముందే ఇచ్చేశాను. దీనికింకా హుక్కులు మిగిలాయి."

ముందు వరసలో ఒకావిడ ఫక్కున నవ్వింది, కిందటి క్రిస్మస్ జాకెట్టు ఈస్టర్‌కి అందినావిడ. ఆమెతో పాటు ఆడవాళ్ళ వైపంతా నవ్వింది. నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నారు కొందరు. పాస్టరు గారు నవ్వలేదు. తన కుర్చీ తనే మోసుకుని నా దగ్గరికొచ్చి వేసి, కూర్చో తల్లీ, తొందరపడింది మీ అమ్మ ఒక్కతే కాదు అన్నారు.

కుర్చీలో కూర్చున్నాను. అందరూ కిందున్నారు, నేనొక్కదాన్నే పైన. కాలు ముందుకి చాపుకున్నాను. ఎన్నాళ్ళకో.

సెప్టెంబరు 16, మంగళవారం

తెల్లవారుజాము ప్రార్థన, నా కాలి పని ఒకేసారి అవుతున్నాయి. నొప్పి. బూతులొస్తున్నాయి నోటికి, అమ్మ స్తోత్రాల మధ్య అవి బాగుండవని మింగేస్తున్నాను.

సెప్టెంబరు 30, మంగళవారం

మేడం చూసింది. రెండు వేళ్ళు. నిజంగా రెండే, నేను కొలిచింది కాదు.

అక్టోబరు 12, ఆదివారం

సాత్విక్ పరిగెత్తుతున్న వీడియో పంపాడు. నేను గోడ పట్టుకోకుండా మెట్లు దిగడం మొదలుపెట్టాను, ఒక్కో కాలు ఒక్కో మెట్టు మీద. వాడికి ఫోన్ చేసి నిజమంతా చెప్పాను. ఇంక నాకు ఫిజియోకి వెళ్ళాలంటే సిగ్గేస్తోంది కెజియా అన్నాడు. "నువ్వెందుకురా సిగ్గుపడటం. బాగా పరిగెత్తు. సిగ్గుపడాల్సినవాళ్ళు వేరే ఉన్నారు" అన్నాను. అన్నానే గానీ, ఫోన్ పెట్టాక ఆ వీడియో మళ్ళీ మళ్ళీ చూశాను. వాడి ఎడమకాలు నేలని తాకే తీరు ఎంత బాగుందో. నాది అలా ఎప్పటికవుతుందో మేడం కూడా చెప్పలేదు.

నవంబరు 15, శనివారం

పాస్టరమ్మ గారు జాకెట్టు కోసం వచ్చారు. గుమ్మంలోంచే, అయిందా అమ్మా అన్నారు. అడిగింది జాకెట్టు గురించో, మంచం మీద కాలు చాపుకుని ఉన్న నా గురించో తెలియలేదు. అమ్మ మిషన్ మీంచి తలెత్తకుండా, హుక్కులే మిగిలాయండీ అంది. ఆవిడ నా వైపు చూసి నవ్వి, సరే, నెమ్మదిగా కుట్టు అని వెళ్ళిపోయారు.

ఆవిడ వెళ్ళాక అమ్మ లేచొచ్చింది. రోజూలాగే మోకాలి కిందికి చెయ్యి పోనిచ్చింది. వెళ్ళలేదు. అరచెయ్యి వదిలేసి వేళ్ళు పెట్టింది. వెళ్ళలేదు. చిటికెన వేలు పెట్టి నెట్టింది, సూది గుచ్చుకుని గుచ్చుకుని మొద్దుబారిన వేలు. దుప్పటికీ నా కాలికీ మధ్య దానికి చోటు లేదు. అమ్మ ఆ వేలు అక్కడే ఉంచింది.

రేపు సాక్ష్యం చెబుతావా అని అడిగాను.

"నువ్వు కూత పెట్టిన రోజు చెబుతాను" అంది.

నేను మళ్ళీ ఆడాలనుకుంటున్నట్టు ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ తప్ప ఎక్కడా రాయలేదు. అమ్మకి చదువు రాదు.

అమ్మ వెళ్ళి మిషన్ ముందు కూర్చుంది. నేను పడుకునే, ఊపిరి బిగపట్టి, పెదవుల మీదే అనుకున్నాను. కబడ్డీ కబడ్డీ కబడ్డీ. చాలా నెలలైంది, ఊపిరి ఎంతదూరం వస్తుందో చూద్దామని. మిషన్ చప్పుడు ఆగింది. అమ్మ వెనక్కి తిరగలేదు. నా ఊపిరి తెగేదాకా, మెల్లిగా, ఒక్కోటీ ఒక్కోటీ స్తోత్రాలు లెక్కపెట్టింది.